అది శ్లేష, న్యాయం కాదు

పదో తరగతి తెలుగు పరీక్షలో అలంకారాలకి వచ్చేవి ఒకటో రెండో మార్కులు. ఆ ఒకటి రెండు మార్కుల కోసం మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో తల్లులందరికీ తెలుసు. ఒక్కో అలంకారానికి ఒక నిర్వచనం, ఒక ఉదాహరణ. రెండూ బట్టీ. ముఖం చంద్రబింబంలా ఉంటే ఉపమ, ముఖమే చంద్రబింబమైతే రూపకం. అంతే. పరీక్ష రాసి బయటికొచ్చాక చంద్రుడూ ముఖమూ రెండూ మాయం. ఇంగ్లీషు మీడియం పిల్లలైతే సిమిలీ, మెటఫర్ అని ఇంకో జత బట్టీ పడతారు. ఆ జతా ఈ జతా ఒకటేనని వాళ్ళకి చెప్పేవాళ్ళు కూడా తక్కువే.

నా ఉద్దేశం సూటిగా చెప్పేస్తాను. ఈ పేర్లు మార్కుల కోసం పుట్టినవి కావు. మనం రోజూ మాట్లాడే మాటలకీ, మన మీద ఇతరులు వాడే మాటలకీ పెట్టిన పేర్లవి. వాటిని పిల్లలకి, అందులోనూ ఆడపిల్లలకి, అర్థమయ్యేలా నేర్పితే మార్కుల కన్నా పెద్ద ప్రయోజనం ఉంది. నేర్పడానికి పండితులు అక్కర్లేదు, మనం చాలు. ఉప్పలగుప్తంలో వంట చేసుకునే నాకెందుకీ అలంకారశాస్త్రం అనుకుంటారేమో, అసలు ఆ శాస్త్రంలో సగం మాటలు మన వంటింట్లోంచి వెళ్ళినవేనండి.

రసం ఎక్కడిది? మన పొయ్యి మీదది. అలంకారం అంటే మనం చేసుకునే సింగారం. కావ్యంలో పదాలు ఒకదానికొకటి ఒదిగి, వేరే పదం మార్చి పెట్టడానికి వీల్లేకుండా ఉండడాన్ని శయ్య అన్నారు, అంటే పడక. ఇక పాకం సంగతి చెప్పనే అక్కర్లేదు. తీగపాకం, ఉండపాకం మనకెలా తెలుసో కవులకి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అలా తెలుసు. ద్రాక్షపండు నోట్లో వేసుకుంటే చాలు, రసం దిగిపోతుంది. అరటిపండైతే తొక్క వలవాలి. కొబ్బరికాయైతే డొక్క వలవాలి, పెంకు కొట్టాలి, అప్పుడు గానీ నీళ్ళూ కొబ్బరీ దొరకవు. చదవగానే అర్థమయ్యే కవిత్వానికి మొదటి పేరు, కొంచెం ఆలోచిస్తే అందేదానికి రెండోది, బాగా కష్టపడితే గానీ లొంగనిదానికి మూడోది. కోనసీమలో పుట్టిన పిల్లకి నారికేళపాకం అంటే ఏమిటో పుస్తకం చూసి చెప్పాలా? పెరట్లోకి తీసుకెళ్ళి ఒక కాయ చేతికిస్తే చాలదూ?

ఇంకో సంగతి. ఈ శాస్త్రానికి కోనసీమ కొత్తదేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో షాజహాను దగ్గర పండితరాజ బిరుదు అందుకున్న జగన్నాథ పండితరాయలు మన ముంగండ వారు. ఇప్పుడది పి.గన్నవరం మండలంలో ఉంది. ఆయన రాసిన రసగంగాధరం అలంకారశాస్త్రంలో చివరి మహాగ్రంథాల్లో ఒకటిగా లెక్క. అందులో నాకు బాగా నచ్చిన విషయం పాండిత్యం కాదు. ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. ఏ అలంకారానికైనా, ఏ లక్షణానికైనా ఉదాహరణ కావలసివస్తే వేరే కవి పద్యం అరువు తెచ్చుకోలేదు, తనే పద్యం రాసి పెట్టారు. తనకు ముందు అప్పయ్య దీక్షితులంతటి వారు చెప్పిన మాటలతో కూడా ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదనే రాశారు. సొంత ఉదాహరణ, సొంత అభిప్రాయం. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట మన ఊళ్ళ వాడు చూపించిన పద్ధతి అది. మనం మాత్రం మన పిల్లల చేత ఇంకా పాత చంద్రబింబాన్నే అప్పజెప్పిస్తున్నాం.

సొంత ఉదాహరణ అంటే ఎంత సులువో చూడండి. ఉపమకి నాలుగు భాగాలు: దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం, దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం, రెండింటికీ ఉన్న ఒకే గుణం సమానధర్మం, లా, వలె, అంత లాంటి కలిపే మాట ఉపమావాచకం. "దోసెల పిండి మజ్జిగలా పల్చగా అయిపోయింది" అన్నాననుకోండి. పిండి, మజ్జిగ, పల్చదనం, లా. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. "నిమ్మకాయంత చింతపండు నానబెట్టు" అంటే? చింతపండు ఉంది, నిమ్మకాయ ఉంది, అంత ఉంది. సైజులో అని విడిగా అనలేదు, అయినా మనకి తెలిసిపోయింది. నాలుగింట్లో ఒకటి లోపించింది గనక లుప్తోపమ. గ్రాములు, కప్పులు రాకముందు తరతరాల ఆడవాళ్ళు వంట ఒకరికొకరు నేర్పుకున్నది ఉపమాలంకారంతోనే. గోలీకాయంత బెల్లం, ఉసిరికాయంత చింతపండు, పూతరేకంత పల్చగా. అలంకారమంటే సొగసు కోసం అనుకుంటాం గానీ, ఇక్కడ అది కొలపాత్ర.

ఇలా ఒక్కొక్కటీ ఇంట్లో దొరుకుతుంది. "అమ్మ పెట్టిన ముద్దే ముద్ద" అన్నప్పుడు ముద్ద అనే మాట రెండుసార్లూ ఒకటే, అర్థమూ ఒకటే, కానీ రెండోసారి దాని బరువు వేరు. అది లాటానుప్రాస. "పొద్దుట్నించీ వెయ్యిసార్లు పిలిచాను" అన్నది అతిశయోక్తి, పిలిచింది నాలుగుసార్లు. చీకట్లో పెరట్లో పడి ఉన్న కొబ్బరితాడు చూసి పామనుకుని కేక పెడితే భ్రాంతిమదలంకారం. తాడా పామా అని గుమ్మంలోనే నిలబడిపోతే సందేహాలంకారం. మా అమ్మాయికి ఇవి ఇలా చెప్పాక మళ్ళీ బట్టీ పట్టవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు నేను మాట్లాడుతుంటే మధ్యలో ఆపి "అమ్మా, అతిశయోక్తి" అంటుంది. అదొక్కటే కొంచెం ఇబ్బంది.

నవ్వులాటకన్నా ఎక్కువ ఉపయోగం అక్కడే ఉంది మరి. మొగుడూ పెళ్ళాల గొడవల్లో సగం అతిశయోక్తి మీద నడుస్తాయి. "ఎప్పుడూ ఇంతే", "ఒక్కసారైనా సాయం చేశారా", "ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరు". ఎదుటివాళ్ళు ఆ మాటని వాచ్యంగా తీసుకుని "మొన్న చెయ్యలేదా" అని లెక్కలు తీస్తారు. లెక్కల్లో మనం ఓడిపోతాం, అసలు బాధ అలాగే మిగిలిపోతుంది. అతిశయోక్తి అబద్ధం కాదు, బాధ సైజు చెప్పే కొలత అని ఇద్దరికీ తెలిస్తే గొడవ వేరే చోటికి వెళ్తుంది. లేదా చెప్పేవాళ్ళే అతిశయోక్తి తీసేసి "ఈ వారంలో మూడు రోజులు నేనొక్కదాన్నే రాత్రి పదకొండింటిదాకా గిన్నెలు తోముకున్నాను" అని చెబితే, లెక్క మన వైపే ఉంటుంది.

మన గోదావరి వాళ్ళ వెటకారానికి కూడా శాస్త్రంలో పీట వేశారు. పైకి మెచ్చుకోలు, లోపల చురక. లేదా పైకి తిట్టు, లోపల మురిపెం. దాన్ని వ్యాజస్తుతి అంటారు. "మా కోడలికి ఎంత ఓపికండీ, కూరలో ఉప్పు వెయ్యడానికి కూడా తొందరపడదు" అంటే అది ఏ రకమో నేను చెప్పక్కర్లేదు. "వెధవ పిల్ల, నాకు జ్వరమొస్తే రెండు రాత్రులు కన్ను మూయలేదు" అని మామ్మగారు మనవరాలి గురించి అంటే అది రెండో రకం. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి ఈ రెండిటికీ తేడా తెలియక ఎంత నలిగిపోతుందో మనలో చాలామందికి అనుభవమే. బయటి జిల్లాల నుంచి వచ్చిన కోడళ్ళకైతే మరీను.

ఇప్పుడు కాస్త బరువైన వాటి దగ్గరికి వస్తాను. ఉపమకీ రూపకానికీ తేడా పుస్తకంలో ఒక్క వాక్యం. ఉపమలో పోలిక ఉంటుంది, రూపకంలో భేదం చెరిగిపోతుంది. ఆ ఒక్క వాక్యంలో మన బతుకులున్నాయి. "ఆవిడ అన్నపూర్ణలాంటిది" అంటే ఉపమ. ఆవిడ వేరు, అన్నపూర్ణ వేరు, వడ్డించడంలో మాత్రమే పోలిక. "ఆవిడ సాక్షాత్తూ అన్నపూర్ణ" అంటే రూపకం. ఇక ఆవిడే అన్నపూర్ణ. అన్నపూర్ణకి ఆకలేస్తుందా? అన్నపూర్ణకి నడుం నొప్పి వస్తుందా? అందరూ తిని లేచాక గిన్నెలో ఏం మిగిలిందో ఎవరూ చూడరు. భూదేవంత ఓర్పు అంటే మెచ్చుకోలు. నువ్వే భూదేవివి అంటే ఇక తొక్కినా పలక్కూడదు. ఇంటికి దీపం ఇల్లాలు అన్నది ఎంత చక్కని రూపకం! కాదనను. కానీ దీపంలో వెలుగు ఒక్కటే కాదు, కాలిపోయే వత్తి కూడా ఉంది. పోలికలో ఏ గుణం తీసుకున్నారు, ఏది వదిలేశారు అని అడగడం రూపకాన్ని అర్థం చేసుకోవడంలో భాగమే. పొగడ్త వద్దని కాదు. పొగిడినవాళ్ళకి "లాంటిది అనండి చాలు" అని నవ్వుతూ చెప్పగలగాలి.

బయటి ప్రపంచంలోనూ అంతే. 2011 సార్వాలో మన కోనసీమ రైతులు గిట్టుబాటు కాక నాట్లు మానేస్తే దానికి క్రాప్ హాలిడే అని పేరొచ్చింది. పేపర్లు పంట విరామం అన్నాయి. హాలిడే అంటే సెలవు, విరామం అంటే విశ్రాంతి. మురుగు దిగని చేలు, పెరిగిన కూలి, పెట్టుబడి కూడా తిరిగి రాని ధర, ఇవన్నీ ఆ సెలవు అనే మాట కింద కనపడకుండా పోయాయి. పొలం మాకుందా లేదా అన్నది కాదు, ఆ ఏడాది ఇంట్లో ధాన్యం లేక బియ్యం కొనుక్కున్న ఆడవాళ్ళకి అది సెలవులా అనిపించి ఉండదు.

సామెతల గురించి. ఒక విషయాన్ని ఒక సాధారణ సూత్రంతో గట్టిపరచడం, లేదా సూత్రాన్ని ఒక విషయంతో గట్టిపరచడం అర్థాంతరన్యాసం. మనం వాడే సామెతల్లో చాలావాటి పని అదే. పిల్లాణ్ణి కొట్టినందుకు సమర్థింపుగా "మొక్కై వంగనిది మానై వంగునా" అంటాం. సామెత పడిందంటే వాదన అయిపోయినట్టే. ఇంక ఎవరూ మాట్లాడరు. కానీ ఒక్కసారి ఆలోచించండి. పెళ్ళి తొందరగా చేసెయ్యాలనుకున్నవాళ్ళు "ఆలస్యం అమృతం విషం" అంటారు. ఆపాలనుకున్నవాళ్ళు "నిదానమే ప్రధానం" అంటారు. రెండూ పెద్దలు చెప్పినవే, రెండూ మంచి మాటలే, ఒకదానికొకటి ఎదురు. అంటే సామెత నిర్ణయం చెయ్యదు. నిర్ణయం ముందే అయిపోయింది, సామెత దానికి వేసిన తాళం. కనక ఎవరైనా సామెత విసిరితే "బాగుంది, మరి ఈ పిల్ల విషయంలో అది ఎందుకు వర్తిస్తుందో చెప్పండి" అని అడగడం అమర్యాద కాదు. అర్థాంతరన్యాసంలో ఆ విషయానికీ ఈ సూత్రానికీ పొత్తు కుదరాలి కదా మరి. కుదరకపోతే అది అలంకారంగా కూడా చెల్లదు.

ఇక శ్లేష. ఒకే మాటలో రెండర్థాలు. తెలుగు కవులు దీనితో చేసిన గారడీలు ఇన్నీ అన్నీ కావు. పింగళి సూరన రాఘవపాండవీయం అని ఒక కావ్యం మొత్తం ఇటు చదివితే రామాయణం, అటు చదివితే భారతం వచ్చేలా రాశారు. అంత గొప్ప అలంకారం మన ఇళ్ళల్లో దేనికి వాడతారో తెలుసు కదా. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు." ఆడ అంటే స్త్రీ అని ఒక అర్థం, అక్కడ అని ఇంకో అర్థం. శ్లేష కుదిరింది. చెవికి ఎంత సొంపుగా ఉందో! ఆ సొంపు వల్లే అది ఇన్ని తరాలు బతికింది. ఆ సొంపు మీదే ఎంతమంది ఆడపిల్లల చదువులు ఆగిపోయాయో, ఎంతమంది వాటాలు రాయకుండా వదిలేశారో.

మా బంధువుల్లో ఒక పిల్ల ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. కాకినాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటానంది. అందరం కూర్చున్నప్పుడు ఇంటి పెద్దాయన ఈ మాటే అన్నారు. మంచాయన, పిల్లంటే ప్రాణం. ఆ పిల్ల గట్టిగా అరవలేదు, ఏడవలేదు. "అది శ్లేష తాతయ్యా, న్యాయం కాదు" అంది. ఒక్క నిమిషం ఎవరికీ ఏమనాలో తోచలేదు. తర్వాత ఆయనే నవ్వేశారు. నాకు నచ్చింది ఆ తర్వాత జరిగింది. ఆ మాట పక్కకి పోయాక అసలు సంగతులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. హాస్టల్ ఫీజు ఎంతవుతుందో, పిల్ల ఒక్కతీ బస్సులో ఎలా వెళ్ళి వస్తుందో, అక్కడ ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారో. ఇవి నిజమైన భయాలు. వీటికి జవాబులుంటాయి. ఫీజుకి దారి చూడొచ్చు, కాకినాడలో ఉన్న పిన్ని ఫోన్ నంబరు ఇవ్వొచ్చు. "ఆడ పిల్ల" అన్నదానికి జవాబు ఉండదు, ఎందుకంటే అది ప్రశ్నే కాదు, మాటల కుదురు. ఆ పిల్ల ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది.

వాటాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్ళయినా కాకపోయినా దేశమంతటా కూతురికి ఆ హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే చట్టం దృష్టిలో ఆడపిల్ల ఈడ పిల్లే. అయినా మన వైపు కూతురికి ఏదైనా ఇస్తే ఏమంటాం? "పసుపు కుంకుమ కింద ఇచ్చాం" అంటాం. అర ఎకరం కొబ్బరితోటని కూడా పసుపు కుంకుమ అనే అంటాం. ఆ మాటలో ఆప్యాయత ఉంది, నేను కాదనను. కానీ ఒక మాట అసలు అర్థం వదిలి దానికి సంబంధించిన ఇంకో అర్థాన్ని చెబితే దాన్ని లక్షణ అంటారు. ఎస్.యానాం వాళ్ళు సముద్రం మీద బతుకుతారు అంటే నీళ్ళ మీద ఇళ్ళు కట్టుకున్నారని కాదు కదా, చేపల వేట మీద బతుకుతారని. అలాగే ఇక్కడ పసుపు కుంకుమ అంటే పొలం. అయితే ఆ పేరు పెట్టగానే హక్కు కాస్తా కానుకగా మారిపోయింది. కానుకైతే ఎంతిస్తే అంత పుచ్చుకోవాలి, అడగకూడదు. పేరుని పేరుగా గుర్తుపట్టిన కూతురు ఆప్యాయతని ఉంచుకుంటూనే లెక్క అడగగలదు.

మాటకి మూడు శక్తులున్నాయన్నారు మన పెద్దలు. మాట నేరుగా చెప్పేది వాచ్యం, లక్షణతో చెప్పేది లక్ష్యం, చెప్పకుండా చెప్పేది వ్యంగ్యం. వ్యంగ్యం అంటే ఇక్కడ వెటకారం కాదు, లోపల వినిపించే అర్థం. దీన్నే ధ్వని అని తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరులో ఆనందవర్ధనుడు ఒక పెద్ద పుస్తకమే రాశాడు, కావ్యానికి ఆత్మ ఇదే అన్నాడు. కోనసీమ తల్లులకి ఈ ధ్వని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మన ఊళ్ళ నుంచి ఎంతమంది ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్‌లలో ఇళ్ళల్లో పనికి వెళ్ళారు! వారానికొకసారి ఫోన్ వస్తుంది. "బాగానే ఉన్నానమ్మా." వాచ్యం అంతే. "బాగున్నాను" అనకుండా "బాగానే" అన్నదే, ఆ ఒక్క అక్షరం తల్లికి రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. అత్తారింటి నుంచి ఫోన్ చేసిన కూతురు "ఇక్కడ అందరూ మంచివాళ్ళే, నాకే పనులు సరిగ్గా రావు" అంటే అందులో ధ్వని ఏమిటి? అది విని "అలవాటవుతుందిలే" అని పెట్టేస్తే మనం వాచ్యం దగ్గరే ఆగిపోయినట్టు. పద్యంలో ధ్వని పట్టుకోలేకపోతే రెండు మార్కులు పోతాయి. ఇక్కడ పోయేది వేరు. ధ్వని వినిపించినప్పుడు బస్సెక్కి వెళ్ళి చూసి రావాలి.

అలాగని అన్నిచోట్లా ధ్వని, లక్షణ పనికిరావు. ఇది నేను ఆడవాళ్ళందరికీ గట్టిగా చెప్పదలుచుకున్న మాట. డాక్టరు దగ్గరికి వెళ్ళి "ప్రాణం పోతున్నట్టుందండి, నిలువెల్లా మంటలండి" అంటాం. మనకది నిజమే. కానీ విన్నవాళ్ళు అతిశయోక్తి అనుకుని ఒక బలం మాత్ర రాసి పంపించేస్తారు. ఆడవాళ్ళ నొప్పిని అతిశయోక్తి కింద కొట్టిపారెయ్యడం ఎక్కడైనా ఉన్నదే. అక్కడ కావలసింది స్వభావోక్తి. ఉన్నదున్నట్టు, కళ్ళకి కట్టినట్టు చెప్పడం. "నాలుగు రోజుల నుంచి కుడివైపు పొట్టలో నొప్పి. తిన్న గంటకి మొదలవుతుంది. రాత్రి రెండుసార్లు వాంతి అయింది." బ్యాంకులో, ఎమ్మార్వో ఆఫీసులో, పోలీసు స్టేషన్లో కూడా ఇదే భాష. ఎన్ని గంటలకి, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు.

స్వభావోక్తిని తక్కువగా చూడకండి. ఉన్నది ఉన్నట్టు చెబితే అందులో అలంకారమేముందని కుంతకుడనే పండితుడు దాన్ని ఒప్పుకోలేదు. దండి మాత్రం అలంకారాలన్నిట్లోకీ దాన్నే మొదట పెట్టాడు. నేను దండి పక్షం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి. ప్రళయం, ఉప్పెన, కాళరాత్రి అని పెద్ద మాటలు చెప్పేవాళ్ళకన్నా, తెల్లారి తలుపు తీస్తే కొబ్బరిచెట్లు ఎటు పడుకుని ఉన్నాయో, తాగడానికి మంచినీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకున్నారో, పొయ్యి ఎన్నాళ్ళకి వెలిగిందో వరసగా చెప్పే ముసలమ్మ మాటే మన మనసులో ఉండిపోతుంది. ఆవిడకి ఆ అలంకారం పేరు తెలియకపోవచ్చు. మన పిల్లలకి తెలిస్తే ఆవిడ ఎంత బాగా చెప్పిందో వాళ్ళకి అర్థమవుతుంది. అప్పుడు ఇంట్లో ముసలివాళ్ళ మాట సోది అనరు.

ఇదంతా చదివి, ఇంట్లో మాటలకి ఇలా పేర్లు పెడుతూ కూర్చుంటే ఆప్యాయంగా ఎలా మాట్లాడుకుంటాం అని మీలో కొందరికి అనిపించవచ్చు. మా తోడికోడలూ అదే అంది. నిజమే, అన్నం పెడుతూ "బంగారుతల్లీ" అన్నప్పుడు ఇది రూపకం అని వివరించక్కర్లేదు. ఆప్యాయత ఉన్నచోట అలంకారం హాయిగా ఉంటుంది, ఉండనివ్వాలి. మాట మన దారికి అడ్డంగా నిలబడ్డప్పుడే దాని పేరు గుర్తుకు రావాలి. పేరు తెలిసినంత మాత్రాన మనం గెలిచేస్తామని కూడా నేననను. ఆ కాకినాడ పిల్లకి ఫీజు కట్టడానికి ఎవరో ఒకరు ఒప్పుకోవలసే వచ్చింది. పేరు చేసే పని ఒక్కటే, వాదనకి కట్టిన పట్టుచీర విప్పి లోపల ఏముందో చూపిస్తుంది. లోపల ఏమీ లేకపోతే అదీ కనపడుతుంది.

నేర్పడానికి నేను చేసేది చిన్న పని. రాత్రి అన్నాల దగ్గర వారానికి ఒక అలంకారం. నిర్వచనం నేను చెప్పను, ఇంట్లో ఆ రోజు ఎవరో ఒకరు అన్న మాటే ఉదాహరణగా తీసుకుంటాం. తర్వాత ఒక్కొక్కరూ సొంతంగా ఒకటి చెప్పాలి, పుస్తకంలోది చెబితే లెక్కలోకి రాదు. మా వాడు ఏడో తరగతి. మొన్న ఉత్ప్రేక్షకి వాడు చెప్పింది ఇది: "ఫ్యాన్ చప్పుడు వింటే కరెంటు బిల్లు గురించి నాన్న సణుగుతున్నారా అన్నట్టుంది." వాళ్ళ నాన్న సణగడం మానలేదు గానీ నవ్వారు. భరతుడి నాట్యశాస్త్రంలో అలంకారాలు నాలుగే, ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితుల కువలయానందం నాటికి వంద దాటాయి. అన్నీ మనకక్కర్లేదు. ఉపమ, రూపకం, అతిశయోక్తి, అర్థాంతరన్యాసం, శ్లేష, స్వభావోక్తి, వీటితో పాటు ధ్వని. ఈ ఏడూ వస్తే చాలు, ఒక ఆడపిల్ల చాలా దూరం వెళ్ళగలదు.

మీ ఇంట్లో మీ మీద తరచూ పడే సామెతో, రూపకమో, శ్లేషో ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారం అది ఏ అలంకారమో పోల్చుకోండి. అమ్మాయి ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని దానికీ చెప్పండి.